నుదుటి మీద మీసం

ఈ రోజు పెద్దసారు నుదుటి మీద మీసం మొలిచింది. అందరూ నవ్వారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

మా వదిన, అంటే మేనత్త కూతురు, ల్యాబ్‌లో పని నేర్చుకుంటోంది. ఈ రోజు చూపించే ప్రోగ్రాం బాగుంటే అక్కడే ఉద్యోగం ఇస్తామన్నారు ల్యాబ్ నడిపే పెద్దసారు. పాత ఫోటోల మీది మచ్చలు పోగొట్టే ప్రోగ్రాం అది. ఫోటోను అడ్డంగా ముక్కలు చేసి నాలుగు కంప్యూటర్లకు పంచుతుంది. ప్రతి కంప్యూటరూ తన ముక్క అంచుల్లోని చుక్కల వరుసలను పై ముక్క, కింది ముక్క ఉన్న కంప్యూటర్లకు పంపాలి. అప్పుడే అతుకు కనబడదు.

ఆమెకు సాయంగా వెళ్తున్న నాకు పంపే భాగం అప్పగించింది వదిన. పంపాల్సిన వరుసను మెమరీలో ఒక పెట్టెలాంటి చోట పెడతాం. పంపమని చెప్పాక, అది వెళ్లేదాకా కంప్యూటర్ ఆగదు. తన పని తాను చేసుకుపోతుంది.

“కానీ వెళ్లినట్టు తెలిసేదాకా ఆ పెట్టె ముట్టుకోకు మరదలా. మూట బండెక్కకముందే విప్పి వేరే బట్టలు సర్దితే ఎలా?” అని మరీ మరీ చెప్పింది.

అలా వెళ్లిందా లేదా అని కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రాం లైనును నిన్న నేనే తీసేశాను. ఇంకా వేగంగా నడుస్తుందని, వదిన మెచ్చుకుంటుందని ఆశ. చిన్న బొమ్మతో చూస్తే చక్కగా వచ్చింది. చిన్నది చిటికెలో వెళ్లిపోతుంది కదా, తప్పు బయటపడలేదు. వదినతో చెప్పనేలేదు.

ఈ రోజు ఆమె పెద్దసారు ఫోటోనే, చాలా పెద్దది, పెట్టింది. పైకి వెళ్లాల్సిన నుదుటి వరుస కదలకముందే అదే పెట్టెలో కిందికి వెళ్లాల్సిన మీసం వరుస వచ్చి పడింది. పై కంప్యూటర్‌కు మీసమే చేరింది.

“ఏమ్మా, నా మీసం మరీ నెత్తికెక్కిందే!” అన్నారాయన. నవ్వులు ఆగాక ముఖం ముడుచుకున్నారు. “సొంత పనే సరిచూసుకోకపోతే ఉద్యోగం ఎలా ఇవ్వమంటావు?”

వదిన తల వంచుకుంది. నా వైపు చూడనైనా లేదు.

“నేనే సార్,” అని గొణిగి వరండాలోకి పరుగెత్తాను.

కాసేపటికి వదిన వచ్చింది. “ఏమిటే గొణిగావు?”

“చెప్పేశాను వదినా, తప్పు నాదేనని.”

“ఎవరికి, గోడకా? ఆయన విన్నాడో లేదో చూడొద్దూ? ప్రోగ్రాంలోనూ ఇక్కడా ఒకటే పని చేస్తావే!”

ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. లోపలికి వెళ్లాను. పెద్దసారు సంచి సర్దుకుంటున్నారు.

“సార్, ఆ లైను తీసేసింది నేను. వదినకు తెలియదు.”

ఆయన తలెత్తలేదు. కాళ్లు గుమ్మం వైపు లాగుతున్నా మళ్లీ చెప్పాను. “విన్నానమ్మా,” అనేదాకా కదలలేదు.

“రేపు సరిచేసి చూపించమను. నువ్వూ పక్కన నిలబడు,” అన్నారు.

సాయంత్రం ఆ లైను వదినే మళ్లీ రాసింది. నేను కీబోర్డు ముట్టుకోలేదు. ముట్టుకోమని ఆమె కూడా అనలేదు.