బల్లకి దూరం

"రేపటికి రొట్టె నువ్వే చెయ్యమ్మా, నీ చెయ్యి మంచిది" అని పాస్టరమ్మగారు కబురంపింది. మిరపకోత నుంచి వచ్చి, ఎంత కడిగినా మంట తగ్గని చేతులతోనే క్రిస్టీనా గోధుమపిండి కలపడానికి కూర్చుంది. నెలకోసారి ప్రభువు బల్లకి పులియని రొట్టె చెయ్యడం పెళ్లయినప్పట్నుంచీ ఆమె పనే. అయితే సంక్రాంతి ముందు నుంచీ ఆమెకి బల్ల ఆపారు. అంటే ఆరాధనలో అందరికీ పంచే ఆ రొట్టె ముక్క ఆమె నోట పెట్టుకోకూడదు. తినడానికి తగని మనిషి, చెయ్యడానికి మాత్రం బాగానే తగింది!

చేసిన నేరం చిన్నదేం కాదు. మొగుడు జయరావు కొట్టిన దెబ్బకి చెవిలోంచి నెత్తురు కారితే పోలీసు స్టేషనుకి వెళ్లింది. ఎస్సై కసురుకోలేదు, కుర్చీ కూడా వేయించాడు. "చూడమ్మా, ఎవరి మతంలోనూ మేం వేలు పెట్టం. మీ పాస్టరుగారున్నారు, సంఘపెద్దలున్నారు. మీలో మీరు మాట్లాడుకుంటేనే మర్యాద" అన్నాడు. చెవి పగలడం మతం సంగతి ఎప్పుడైందో ఆమెకి అర్థం కాలేదు. కోతలో పక్క సాలు వెంకటేశ్వరమ్మతో చెప్పుకుని ఏడిస్తే ఆవిడ నవ్వింది. "నన్నూ అట్టాగే మా కులపెద్దల దగ్గరికి పంపాడే. షమీమ్‌నేమో మసీదు కమిటీ దగ్గరికి పొమ్మన్నాడంట. పాపం, తేడా చూపించే మనిషి కాదులే."

అత్త కొండమ్మ మాత్రం నవ్వలేదు. "ఊళ్లో మనమెంతమందిమి? అసలే మనల్ని చులకనగా చూసేవాళ్ల ముందుకి పోయి మన గుట్టు విప్పొస్తావా?" అంది. చులకనగా చూడటం నిజమే. చిన్నప్పుడు టీ కొట్టు బయట నిలబడి తాగిన టీ క్రిస్టీనాకీ గుర్తే. అందుకే ఆ మాట జయరావు దెబ్బకంటే లోతుగా దిగింది. తనవాళ్లని వదులుకుని ఎక్కడికి పోతుంది? ఆ రొట్టె ముక్క కోసం ఆమె ప్రాణం కొట్టుకుంటోంది. ఆమెకి నిజంగానే దేవుడంటే నమ్మకం.

ఆదివారం పాస్టరుగారు గొంతు మెత్తగా చేసుకుని అన్నారు. "సహోదరి క్రిస్టీనా లేచి, ఇంకెప్పుడూ పోలీసులంటూ బయటి గడప తొక్కనని సంఘం ముందు ఒప్పుకుంటే, ఈ పూటే బల్లకి చేర్చుకుంటాం."

అందరూ తిరిగి చూశారు. మగవాళ్ల వైపు జయరావు, ఇస్త్రీ చొక్కాలో, భక్తిగా తల వంచుకుని కూర్చున్నాడు. అతనికి ఒక్క నెల కూడా బల్ల ఆపలేదు. అతన్ని లెమ్మని ఎవరూ అడగలేదు. పక్కనున్న కూతురు కెజియా ఆమె కొంగు పట్టుకు లాగింది. "చెప్పెయ్యమ్మా. లేకపోతే ఇంటికెళ్లాక నాన్న ఊరుకోడు."

క్రిస్టీనా కూతురి చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంది. కొట్టినవాడు లేచేదాకా తను లేవదు. అతను ఎప్పటికీ లేవడని ఆమెకి తెలుసు.