కాడి మచ్చ

మారయ్య చేతికున్న నలభై ఏళ్ల అలవాటే స్వర్ణ కొంప ముంచింది. దున్నపోతు తోలుకు మెడ దగ్గర, కాడి ఒరుసుకుని కాయ కాసిన మచ్చ ఒకటి ఉంటుంది. చెప్పులు కుట్టేవాడికి అది దండగ ముక్క. కూతురికి పని తగ్గిద్దామని పాపం ఆయన దాన్ని శుభ్రంగా కోసి చెత్తలో పడేశాడు.

ఆ మచ్చ కోసమే స్వర్ణ కోస్గి చుట్టుపక్కల మూడు నెలలు తిరిగి ఆ తోలు తెచ్చుకుంది. హైదరాబాదులో శిల్పం చదువుకున్న పిల్ల. మనిషి భుజాన తొడుక్కునే తోలు శిల్పం చేస్తోంది. మచ్చ సరిగ్గా భుజం మీదికి రావాలి. పాలమూరులో ప్రదర్శనకు ఇంకా ఐదు రోజులే ఉంది.

"ఎంత పని జేస్తివి బాపూ!" అంది, ఏడుపు ఆపుకుంటూ.

"గా పాడు మచ్చను ఎవరన్న ఏసుకుంటరా బిడ్డా?"

"ఏసుకుంటరు. నేను ఏపిస్త."

చెత్తలోంచి ముక్క ఏరుకొచ్చి నానబెట్టింది. అతుకు కనిపిస్తే కనిపించనీ అని మొండిగా కుట్టేసింది. తడి తోలు ఒంటి మీద ఆరితేనే ఆకారం నిలుస్తుంది. తప్పు తనదే కాబట్టి మారయ్యే చొక్కా విప్పి కూర్చున్నాడు. పొద్దంతా కదల్లేదు, బీడీ కూడా ముట్టలేదు.

తీరా ప్రదర్శన రోజున, తొడుక్కోవడానికి వచ్చిన మనిషికి అది పట్టలేదు. ఏళ్ల తరబడి తోలు మూటలు మోసి మోసి మారయ్య కుడి భుజం కుంగిపోయింది. తోలు ఆ వంపే పట్టుకుంది. కాస్త విప్పి మళ్లీ కుట్టమన్నారు నిర్వాహకులు. ఒక్క కుట్టు కూడా విప్పనంది స్వర్ణ. తండ్రిని లాక్కొచ్చి, తొడిగి, వీపు మీద ముడులు బిగించింది.

జనం చుట్టూ చేరారు. మన ఊరి పిల్లే కదా చూద్దామని పటేలు దామోదర్ కూడా వచ్చాడు. ఆయన్ను చూడగానే మారయ్య చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయింది. పటేలు ఎదురైతే భుజం మీది తువ్వాల తీసి చంకలో పెట్టుకోవడం వాళ్లింట్లో తాతల నాటి రివాజు. ఇప్పుడు వేళ్లకు తువ్వాల తగల్లేదు, గట్టి తోలు తగిలింది. లాగాడు. రాలేదు. తండ్రి ముడి విప్పమంటాడేమో అనుకుంది స్వర్ణ. ఏమైనా సరే విప్పేది లేదని పళ్లు బిగబట్టి నిలబడింది.

మారయ్య వేళ్లు కాసేపు ఆ మచ్చ మీదే తచ్చాడాయి. తర్వాత చెయ్యి కిందికి దించాడు.

"దూరంకెల్లి కానరాదు పటేలా," అన్నాడు. "జర దగ్గరికొచ్చి సూడుండ్రి."