నెత్తురు తిరిగొచ్చిన కాలు

వెంకటరామప్ప గాజుగుడ్డ పట్టీలు చుడుతున్నాడు. భుజాలు వంగాయి, కనుబొమలు నెరిశాయి, వేళ్లు మాత్రం మాట వింటాయి. రాబర్ట్‌సన్‌పేటలోని ఆ చిన్న నర్సింగ్ హోమ్‌లో ఆయన గాయాలకు కట్లు కట్టే డ్రెస్సర్. అంతకుముందు పాతికేళ్లు గనిలో ప్రథమ చికిత్స పని. గని మూసినవాళ్లు తన చేతులు మూయలేదు కదా అని ఇక్కడ చేరాడు. ఈ పనంటే ఆయనకు ఇష్టం, ఆ సంగతి దాచుకోడు కూడా.

పది గంటలకు పిల్లప్పను తెచ్చారు. క్వారీలో అతని ఎడమకాలు మూడు గంటలు బండ కింద ఉండిపోయింది. ఎముక విరగలేదు. బండ తీయగానే నెత్తురు పారి పాదం ఎర్రబడింది. డాక్టర్ అనఘ సెలైన్ పెట్టించి, రాత్రిదాకా కదలకూడదంది. ఆమె అటు వెళ్లగానే పిల్లప్ప భార్య చిన్నవెంకటమ్మ సంచీ సర్దింది.

"వేళ్లు ఆడిస్తా ఉండాడు కదప్పా! ఇంగేం? ముళబాగిలు బస్సుకు పోతాము."

"సొల్ప తాళమ్మా, కొంచేపు ఉండు," అన్నాడు వెంకటరామప్ప. "పోయిన నెత్తురు వచ్చినప్పుడే భయపడాల."

పిచ్చివాణ్ణి చూసినట్టు చూసిందామె. ఆ చూపు ఆయనకు కొత్త కాదు. గనిలో ముత్యాలప్ప అనే కూలీని రాళ్ల కింద నుంచి లాగిన రోజు అందరూ ఈలలు వేశారు, తానూ వేశాడు. ముత్యాలప్ప ఇంటికి పోయి కాఫీ తాగాడు. తెల్లారేసరికి కాలు నల్లబడింది, మనిషి మిగల్లేదు. అప్పటినుంచి వెంకటరామప్ప బయటపడ్డవాణ్ణి వెంటనే ఇంటివాళ్లకు అప్పగించేవాడు కాడు. ఎన్ని తిట్లు తిన్నాడో లెక్కలేదు.

కారణం మాత్రం ఈమధ్యే అనఘమ్మ చెప్పింది. ఒంట్లో కణాలమీద కాపలా గ్రాహకాలుంటాయట. నెత్తురందక చితికిన సొంత కణాల ముక్కల్ని చూసి, క్రిములు జొరబడ్డాయని అవి కేకపెడతాయట. నెత్తురు తిరిగి రాగానే దాంతోపాటే తెల్లకణాలు ఉరికొచ్చి, బతికున్న కండను కూడా కొడతాయట. దొంగలనుకుని ఇంటివాళ్లనే బాదే గూర్ఖా అన్నమాట! వెంకటరామప్ప ఆరోజంతా నవ్వుకున్నాడు.

ఇప్పుడు నవ్వలేదు. చిన్నవెంకటమ్మ గొణుగుతున్నా పిల్లప్పను లేవనివ్వకుండా, అతని పిక్కకు పట్టీ చుట్టి, కొసలు కలిసినచోట రెండింటిమీదా పెన్నుతో గీత పెట్టాడు. అరగంటకోసారి కొలిచాడు. మూడోసారి ఆ గీతలు రెండు వేళ్ల ఎడంగా జరిగాయి. పిక్క రాయిలా బిగుసుకుంది, పిల్లప్ప అరుపులు వీధిలోకి వినిపించాయి. అనఘ పరుగున వచ్చి థియేటర్‌లోకి తీసుకెళ్లింది. కండమీది పొరను నిలువునా కోసి బిగువు వదిలించాలి. కాలు దక్కుతుందో లేదో సాయంత్రానికి గానీ తెలియదు.

చిన్నవెంకటమ్మ సంచీలోంచి మొగుడి ఎడమ చెప్పు తీసింది. పట్టీ తెగిపోయి ఉంది.

"ఇంగ ఇదెందుకు?" అని చెత్తబుట్టవైపు నడిచింది.

"ఇట్లియ్యమ్మా. రెండు కాళ్లతో నడిచేవాడికి రెండూ కావాల," అని వెంకటరామప్ప లాక్కున్నాడు. కుట్లు వేసే సూది, దారం తెచ్చుకుని వరండా బల్లమీద కూర్చున్నాడు.

ఎండ వాలుతుండగా అనఘ బయటికొచ్చింది.

"పాదంలో నాడి దొరికింది వెంకటరామప్పా. కాలు దక్కింది. పొద్దున పోనిచ్చుంటే మనిషే దక్కేవాడు కాదు."

"దక్కిందా," అన్నాడాయన. ముఖమంతా విప్పారింది. "మంచిదమ్మా. సొల్ప కూర్చుంటాను, ఒళ్లు బరువుగా ఉండాది."

ఆమె చిన్నవెంకటమ్మకు చెప్పి, ఇద్దరు రోగుల్ని చూసి వచ్చేసరికి ఆయన తల గోడకు ఆనుకుని ఉంది. పెదవుల మీద ఆ సంతోషం అట్లాగే ఉంది. ఊపిరి లేదు.

ఒడిలో పిల్లప్ప చెప్పు ఉంది. పట్టీ కుట్టడం అయిపోయింది, చివరి ముడి కూడా పడింది, సూది మాత్రం దారానికి ఇంకా వేలాడుతోంది.