సెట్టింగుల ఫైలు లేనప్పుడు

ఆవకాయ ముక్కలకి టెంక పొర గీకి, గుడ్డతో తుడుస్తూనే ల్యాప్‌టాప్ మీద ఒక కన్నేశాను. ముక్కకి చెమ్మ తగిలితే ఏడాదంతా బూజే తినాలని అత్తయ్య నాగేశ్వరమ్మ గుర్తు చేస్తున్నారు.

విజయవాడ కంపెనీకి ఇంటినుంచే పనిచేస్తాను. మా ప్రోగ్రాముకి బొమ్మలూ బటన్లూ ఉండవు. నల్ల తెర మీద ఆదేశం టైపు చేస్తే కోల్డ్ స్టోరేజీల రికార్డులు సర్దిపెడుతుంది. సెట్టింగుల ఫైలు దొరక్కపోతే మాత్రం చాంతాడంత ఎర్రర్ కక్కి కూలబడేది. గోల చేయకుండా ఏదో ఒకటి అనుకుని నడిచిపోవాలన్నారు మేనేజరు సుభాష్‌గారు. అలాగే రాశాను. నడిచింది. నడిచి, ఒక కస్టమరు పాత రికార్డుల మీదే కొత్తవి రాసేసింది. ఫైలు పోయిందన్న సంగతే ఎవరికీ తెలియలేదు.

అందుకే మళ్లీ రాశాను. ఫైలు లేకపోతే కూలబడకూడదు. ఎక్కడ వెతికిందో, బదులుగా ఏమనుకుందో ఒక్క మాట చెప్పి నడవాలి. తెర మీద రంగులాంటివి ఊహించుకోవచ్చు. రికార్డులు ఎక్కడ రాయాలన్నది మాత్రం ఊహించకూడదు, ఆగి అడగాలి. సుభాష్‌గారికి నచ్చింది. టీము లీడుగా వస్తావా, వారానికి మూడు రోజులు ఆఫీసుకి రావాలి, ఇవాళ సాయంత్రంలోగా జవాబు చెప్పమన్నారు.

ఈ ఇంట్లోవాళ్లు చెడ్డవాళ్లు కారు. కాఫీలో పంచదార ఎంతని కూడా నన్నెప్పుడూ అడగలేదు, అంతే. మా మామిడితోటలో కూలీలకి వంటన్నా, చుట్టాలకి పక్కలన్నా, రేవతి చేస్తుందిలే అనుకునేవారు. చేసేదాన్ని.

ఇంతలో కాయ బేరానికి షావుకార్లు వచ్చారు. కాఫీ కలిపి తెచ్చేసరికి మా ఆయన అరవింద్ నా ఫోను వరండాలో బల్ల మీద పెడుతున్నాడు.

"మీ సుభాష్‌గారు. కుదరదని చెప్పేశాను. కోతల రోజుల్లో ఇల్లెవరు చూస్తారు?"

"నన్ను పిలవొచ్చుగా?"

"పిలిస్తే మాత్రం వెళ్తానంటావా? నీ మనసు నాకు తెలీదా?"

ప్రేమగానే అన్నాడు. నాకు ఊపిరాడనిది ఆ ప్రేమలోనే. మా కోడలు పేచీలు పెట్టే పిల్ల కాదని అత్తయ్య షావుకార్లతో చెప్పి మురిసిపోతున్నారు. నిజమే. ఇన్నేళ్లూ గోల చేయకుండానే నడిచాను, నాలో దేని మీద ఏది రాసేశారో నాకే తెలియనంత సాఫీగా.

కాఫీలు అందరికీ ఇచ్చాను. అక్కడే నిలబడి సుభాష్‌గారికి ఫోను చేశాను.

"ఇందాక మీరు విన్నది మా ఆయన మాటండీ. నా మాట వేరే. సోమవారం నుంచి వస్తున్నాను."

గ్లాసులు పెదాల దగ్గరే ఆగిపోయాయి. అరవింద్ షావుకార్ల వైపు చూసి, తల దించుకున్నాడు.

"ఎవర్నడిగి చెప్పావమ్మాయ్?" అన్నారు అత్తయ్య.

"నన్నే అడిగాను, అత్తయ్యా."