ఒక్క దినం జ్వరం

ఉల్లిగడ్డలు పొద్దున్నుంచి కోస్తూనే ఉన్నాను. మధ్యాహ్నం మా ఇంట్లో కృతజ్ఞతా కూడిక. చర్చి విడిచాక అందరూ ఇటే వస్తారు. బగారన్నం, కోడికూర, పెరుగు చట్నీ. వంటకు ఎవరినైనా పిలుద్దామంటే మా అత్తమ్మ శాంతమ్మ, దేవుని పనికి కిరాయి మనుషులేంది బిడ్డా అన్నది. ఆ దేవుని పని ఏమిటో కూడా చెప్పాలి. మా ఆయన జయరాజ్ పేరు సినిమాలో పడింది. కృతజ్ఞత దేవుడికి, పేరు ఆయనకు, ఉల్లిగడ్డలు నాకు.

ఆయన కనకమామిడిలో సిటీవాళ్ల ఫామ్‌హౌస్ ఒకటి చూసుకుంటాడు. పోయిన ఎండాకాలం అక్కడ షూటింగ్ జరిగింది. డైరెక్టర్ సాయంత్రాలు ఈయనను పక్కన కూర్చోబెట్టుకుని, మీ ఇళ్లల్లో ఎలా మాట్లాడుకుంటారో చెప్పన్నా అని అడిగేవాడట. ఈయన చెప్పేవాడట. ఏం చెప్పేవాడో ఇంట్లో మాత్రం చెప్పలేదు.

పోయిన వారం చేవెళ్లలో ఆ సినిమా చూశాం. నాకు కామెడీ సినిమాలంటే ప్రాణం. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఇప్పుడు మా ఆయన కనిపించిన వాళ్లందరితో దానికి నవ్వు రాదు, ఆఫీసు మొఖం అంటున్నాడు. ఎంకపల్లిలో మా పుట్టింట్లో నేనూ మా చెల్లెలూ కామెడీ సీన్లు చూసి నేలమీద పడి దొర్లేవాళ్లం. మా బాపు విసుగెత్తి టీవీ కట్టేసేవాడు. ఇది కొత్తకాలం సినిమా, ఆడవాళ్లను వెక్కిరించే పాత జోకులు ఉండవు అని ఎక్కడో చదివి నమ్మాను. పాప్‌కార్న్ పొట్లం ఒళ్లో పెట్టుకుని మరీ కూర్చున్నాను.

మొదట్లో బాగానే నవ్వాను. తర్వాత హీరో స్నేహితుడి భార్య వచ్చింది. లావుపాటి మనిషి, కొంగు నడుముకు దోపుకుని ఉంది. గిన్నెలు కడిగి, పొయ్యి పక్కన మోకరించి, కళ్లు మూసుకుని మా యాసలో ప్రార్థన మొదలుపెట్టింది.

"ప్రభువా, నాకు ఒక్క దినం జ్వరమియ్యి. ఎక్కువొద్దు. పండుకుంటే ఎవలు ఏమనకుంట ఉండేటంత ఇస్తే చాలు."

హాలంతా గొల్లుమంది. ఈలలు వేశారు. మా ఆయన మోచేత్తో పొడిచి, "నీ డైలాగే," అన్నాడు. నేను మురిసిపోతాననే అనుకున్నాడు.

డైలాగట. అత్తమ్మకు కంటి ఆపరేషన్ అయి, మా అమ్మాయి దీవెనకు పదో తరగతి పరీక్షలు నడుస్తూ, నేను పనిచేసే కాలేజీ ఆఫీసులో అడ్మిషన్ల పేరుతో ఆదివారాలు కూడా రమ్మంటున్న రోజుల్లో, వంటింట్లో ఎవరూ లేరనుకుని మోకరించి నేను దేవుడిని అడిగిన మాట అది. మనిషన్నవాళ్లు జ్వరం ఎందుకు అడుగుతారు? ఈ ఇంట్లో నేను పడుకోవడానికి వేరే కారణం ఏదీ చెల్లదు గనుక. అలసిపోయానంటే ఎవరు అలసిపోలేదు అంటారు. తలనొప్పి అంటే గోలీ వేసుకో అంటారు. నడుము నొప్పి అంటే మా అమ్మకు లేని నొప్పులా అంటారు. థర్మామీటర్ చూపిస్తే తప్ప నాకు పగటిపూట మంచం లేదు. అదీ ఈయన తలుపు వెనక నిలబడి విని, దాచుకుని, తీసుకెళ్లి వాళ్ల చేతుల్లో పెట్టిన మాట.

సినిమాలో దేవుడు పొరపాటున ఆ జ్వరాన్ని మొగుడికి ఇస్తాడు. ఆమె అతనికి కషాయం కాస్తూ, కాళ్లు పడుతూ మరింత పరుగులు పెడుతుంది. జనం మళ్లీ గొల్లు. నేను చివరిదాకా చూశాను, ఎక్కడో ఒకచోట ఆమెను కూర్చోబెడతారేమోనని. ఆఖరి పెళ్లి సీనులో కూడా ఆమె చేతిలో పళ్లెం ఉంది. అన్ని జోకులు వేసినవాళ్లకు ఆమెకొక కుర్చీ వేయాలని తోచలేదు.

ఇంటికొచ్చాక అడిగాను. "నా ప్రార్థన వాళ్లకెందుకు చెప్పినవ్?"

"ఊకె నవ్వులాటకు చెప్పిన. నీ పేరేమన్న పెట్టిన్రా? గింతదానికి గంత ఫికరెందుకే?"

సోమవారం మొయినాబాద్‌లో మా ఆఫీసులో సుబ్బలక్ష్మిగారు నా బల్ల దగ్గరికి వచ్చారు. కాకినాడ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, మనసులో ఏమీ ఉండదు. మీ యాస భలే వాడారండీ, ఆ జ్వరం డైలాగు మీరోసారి అనండి, మీరంటే ఒరిజినల్‌గా ఉంటుంది అన్నారు. పక్క బల్లల వాళ్లు కూడా తలలెత్తారు. ఫీజు రసీదులు చూడాలండీ అని తల దించుకున్నాను.

అప్పటి నుంచి మోకరిస్తే నోరు పెగలడం లేదు. కళ్లు మూసుకోగానే హాలు నవ్వుతుంది. పెళ్లయినప్పటి నుంచి ఈ ఇంట్లో నా మాట మధ్యలో ఆపకుండా విన్నవాడు ఆ దేవుడొక్కడే. ఆ ఒక్క చోటునూ ఈయన ఊరందరికీ తెరిచి పెట్టాడు. నా పుస్తెలు అమ్ముకున్నా ఇంత మండేది కాదు.

మధ్యాహ్నానికి ముందుగది చాపలతో, కుర్చీలతో నిండిపోయింది. పాస్టర్ ప్రభాకర్‌గారు వాక్యం చెప్పారు. తర్వాత మా ఆయన సాక్ష్యం చెప్పడానికి లేచాడు. అల్పుడనైన నన్ను దేవుడు వెండితెర దాకా హెచ్చించాడు అన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. గొంతు సన్నగా చేసి, ఆ ప్రార్థన నేనెలా చేశానో చేసి చూపించాడు. అందరూ నవ్వారు. మసాలా చేతులతో గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసి మరీ నవ్వారు. దీవెన ఒక్కతే తల వంచుకుంది.

ముగింపు ప్రార్థన సిస్టర్ ప్రేమజ్యోతి చేస్తారు అని పాస్టర్‌గారు పిలిచారు. ఇంటి ఇల్లాలి ప్రార్థనతో ముగించడం మాలో ఆనవాయితీ. ఆమేన్ అనగానే అదే ఇల్లాలు గరిటె అందుకోవడం కూడా ఆనవాయితీయే.

చేతులు కొంగుకు తుడుచుకుని ముందుకొచ్చాను. కళ్లు మూసుకోలేదు. "పరిశుద్ధుడవైన తండ్రీ," అన్నాను. గొంతు వచ్చింది. ఆ తర్వాత పుస్తకం భాష రాలేదు, నా భాషే వచ్చింది.

"ప్రభువా, గిప్పుడు అందరు నవ్విన మాట నాదే. వంటింట్ల నీతోని చెప్పుకున్న. ఈయన చాటుకు విన్నడు. విని ఒక గిలాస నీళ్లన్న తెచ్చియ్యలే, వొయ్యి సినిమావోళ్లకు చెప్పిండు. ఆ దినం నా కాళ్లు ఎట్ల వాచినయో నీకెరికే. నేను జ్వరం అడుగుడే తప్పు. సుస్తైతె తప్ప ఆడిది ఒరగొద్దని నువ్వేడ రాయలే. ఏడో దినం నువ్వు గూడ పని బంద్ వెట్టినవ్ గదా, నీకేమన్న జ్వరమొచ్చెనా? ఇగ నేను నిన్ను జ్వరం అడగ. ఆమేన్."

ఎవరూ నవ్వలేదు. ఆమేన్ అనడం కూడా మరిచిపోయారు. వెనక నుంచి ఒక ముసలామె మాత్రం గట్టిగా అన్నది. పాస్టర్‌గారు బైబిల్ మూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నారు.

నేను వంటింట్లోకి వెళ్లి గరిటె తెచ్చి మా ఆయన చేతిలో పెట్టాను. అన్నం దించి ఉన్నది, వడ్డించు అని చెప్పాను. ఆయన గరిటె వైపూ జనం వైపూ చూశాడు. ఏమన్నాడో వినడానికి నేను ఆగలేదు. నడిమి గదిలోకి వెళ్లి, ఫ్యాన్ వేసుకుని మంచమెక్కాను.

బయట పళ్లాలు చప్పుడయ్యాయి. చట్నీ ఎక్కడున్నదే అని ఆయన రెండుసార్లు అరిచాడు. దీవెన ఏదో జవాబు చెప్పింది. కాసేపటికి అత్తమ్మ వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఒళ్లు సల్లగనే ఉన్నది గదా బిడ్డా."

"ఆఁ అత్తమ్మా, మంచిగనే ఉన్న."

ఆమె బయటికి చూసింది, నన్ను చూసింది. తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

"జర అటు జరుగు," అన్నది.