మొదటి బల్ల

కరిగిన సీసం మీద తేలిన మడ్డిని గరిటెతో పక్కకు తోసి, కాస్పర్ థీల్మన్ మరో తుపాకీ గుండు పోత పోశాడు. అచ్చు విప్పి పాత కంబళి మీద దొర్లించి చూశాడు. అడుగు అంచు ఒకచోట అరిగినట్టుంది. తిరిగి కుండలోకి విసిరేశాడు. బీరు కార్ఖానాలో పీపాలకు ఇనుప కట్లు బిగిస్తూ ముసలివైన చేతులవి. ఈమధ్య ఆ చేతుల్లో కాఫీ కప్పు సాసరు మీద టకటకమంటోంది.

ఆ చప్పుడు చర్చిలో ప్రార్థనయ్యాక కాఫీ ఇచ్చేచోట విన్నవాడు ఎగోన్, చనిపోయిన భార్య లొట్టెకు తమ్ముడు. వెంటనే తుపాకీ సంఘంలో తీర్మానం పెట్టించాడు. ఈ ఆదివారం పది గుండ్లూ గురి తప్పకుండా కాలిస్తే, తుపాకీ ఆనించి కాల్చే బల్లల్లో గోడవారగా గాలి తగలని మొదటి బల్ల కాస్పర్‌దే. తప్పు దొర్లితే బల్ల, సభ్యత్వం రెండూ పోతాయి. బల్ల మీద ఎగోన్‌కు కన్నుంది. కాస్పర్‌కు కావలసింది వేరు. లొట్టె పోయాక వారం మొత్తంలో ఎవరైనా అతన్ని పేరుపెట్టి పిలిచేది అక్కడే.

"ఏం బావా, చేతులకి గంటలు కట్టుకొచ్చావా? మోత ఇక్కడికి వినపడుతోంది," అన్నాడు ఎగోన్ ఆదివారం పొద్దున, పక్క బల్ల దగ్గర నుంచి.

"నీ నోటికి కట్టుకో. ఊరు బాగుపడుతుంది."

కాస్పర్ తుపాకీ వెనక తెరిచి, గుండును మీటతో గొట్టం లోపలి గాడుల్లోకి నిదానంగా నెట్టాడు. ఇత్తడి తొడుగులో తుపాకీమందు పోసి దాని వెనక పెట్టి మూశాడు. ఆ తొడుగు ఒక్కటే. కాల్చిన ప్రతిసారీ తీసి మళ్ళీ నింపుకోవాలి.

"థీల్మన్! ఇరవై అయిదుకి ఇరవై నాలుగు!" లెక్క రాసే మౌరర్ అరిచాడు.

"పక్కోడి గుండు తగిలుంటుంది, సరిగ్గా చూడవయ్యా," అన్నాడు ఎగోన్.

అలా తొమ్మిదయ్యాయి. ఎగోన్ నోరు మాత్రం ఆగలేదు. పదో గుండును గాడుల్లోకి నెట్టి, కాస్పర్ తొడుగు కోసం చెయ్యి చాపాడు.

"మా అక్క నీ సీసం పొగ పీల్చే పోయింది."

కాస్పర్ గిరుక్కున తిరిగాడు. "దాని పేరెత్తావంటే పళ్ళు రాలగొడతాను."

"ఎత్తుతాను. వంటింట్లో కుండ పెట్టి పోతలు పోసిందెవరు?"

"గుండెజబ్బుతో పోయింది. నువ్వు చూడ్డానికైనా వచ్చావా?"

కాస్పర్ విసురుగా బల్లవైపు తిరిగాడు. గుండు తీసుకుని మీట నొక్కాడు. బిగువుగా కదిలింది. ఆ బిగువు కోపంతో బిగుసుకున్న తన చేతిదేననుకున్నాడు. మందు నింపి, మూసి, కాల్చాడు.

తుపాకీ గాడిదలా తన్నింది. గురికి చాలా ముందు మట్టి లేచింది.

మౌరర్ వచ్చి గుడ్డ చుట్టిన పుల్లను గొట్టంలోకి నెట్టాడు. బిగువుగా వెళుతున్న పుల్ల ఒకచోట వదులై మళ్ళీ బిగిసింది. "గొట్టం ఉబ్బిపోయింది, కాస్పర్. గుండు మీద గుండు పెట్టేశావు."

"నేను ముందే చెప్పలా?" అన్నాడు ఎగోన్.

కాస్పర్ అతని నోటివైపే చూశాడు. పొద్దుటినుంచి ఆగని నోరు, తను మళ్ళీ గుండు అందుకున్నప్పటినుంచి పేలేదాకా మూతపడే ఉంది.

"నువ్వు చూశావు."

"ఏం చూశాను బావా?"

"రెండోది పెడుతుంటే చూశావు. గొట్టం పగిలి నా మొహం లేచిపోయినా చూస్తూనే ఉండేవాడివి."

"నీ గుండ్లు చూసుకోవడం నీ పని. నాది కాదు."

అది మౌరర్ కూడా విన్నాడు. కాసేపు మీసం దువ్వుకున్నాడు. "రూలు రూలే, కాస్పర్," అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా.

కాస్పర్ తుపాకీని గుడ్డలో చుట్టి, కోటు బొత్తాలన్నీ పెట్టుకుని గేటు దాటాడు. వెనకనుంచి ఎవరూ అతన్ని పేరుపెట్టి పిలవలేదు. అతను మళ్ళీ రాలేదు.

పై ఆదివారం ఎగోన్ మొదటి బల్ల దగ్గర కూర్చున్నాడు. ఎదురుగా గుండ్లు ఆపే మట్టిగట్టు దగ్గర కాస్పర్ గురికాగితాన్ని ఎవరూ తియ్యలేదు. వానకు తడిసి ఒక మూల ఊడి వేలాడుతోంది. నడుమ, బీరు సీసా మూత మూసెయ్యగలిగినంత చోటులో, తొమ్మిది చిల్లులు.