గుల్ల రాయి

అశ్వారావుపేట దాటినంక, పామాయిల్ తోటల ఎనక ఉన్న బోరు మిషన్ క్యాంపుల సముద్రం లేచిందంటే అన్నం యాళ్లయిందని లెక్క. మిషన్ పాతాళం నుంచి లాగే రోకలంత రాళ్లను భీమక్క కడిగి, పెట్టెల్ల వరసగా పేరుస్తది. రాళ్ల నిండా తెల్లటి గుల్లలే. పొద్దు నడినెత్తికొస్తే చాలు, ఆ రాళ్లు హోరుమంటయ్. వంట జేసే జంపక్క ఆ హోరు వినే గంజు మూత తీస్తది. అండ్ల వింతేముంది? కొందరికి సైరన్ మోగుతది, వీళ్లకు సముద్రం.

ఆ రోజు హోరులోంచి ఒక గొంతు వచ్చింది.

"భీమీ, నీళ్లు తోడినవా?"

నిరుడు జరమొచ్చి పోయిన భీమక్క పెనిమిటి భద్రయ్య గొంతది.

"మీ ఆయన పిలుస్తుండు, పలకవేందే?" అనుకుంట జంపక్క కూర వడ్డించుకుంది.

భీమక్క వంగి రాళ్ల పెట్టెకు చెవి ఆనిచ్చింది. పోయినోళ్లకు ఊరి పక్కన రాయి నాటుడు వాళ్ల గూడెం పద్ధతి. ఏడాది దాటినా భీమక్క నాటలే. నాటితే మనిషి పోయిండని తనే ఒప్పుకున్నట్టు గదా! పెద్దలు అడిగితే రేపు, ఎల్లుండి అని నెట్టుకొచ్చింది. ఈలోపల అతని గొంతే యాదికి రాకుండ పోయింది. దానికి ఆమె పడ్డ భయం ఇంతా అంతా కాదు.

మర్నాడు గొంతు సన్నబడ్డది. మూడో రోజు "భీ..." అని ఆగిపోయింది. రాళ్లను పరీక్ష చేసే జయప్రకాశ్ సార్ దగ్గరికి భీమక్క ఉరికింది.

"సారూ, ఈ రాయిల ఏముంటది?"

"గుల్ల."

"నత్తగుల్లనా, లోపలంత గుల్లనా?"

సారు నవ్విండు. "రెండూ, భీమక్కా. ఎప్పుడో సముద్రంల చచ్చిన గుల్లలు పేరుకొని రాయైనయ్. గుల్లలు కరిగిన కాడ సందులు పడ్డయ్. కింద నుంచి నూనె, గ్యాసు ఎక్కొచ్చి ఆ సందుల్ల కాపురం పెడ్తయ్."

"మరి ఇండ్ల ఉన్నదా?"

"ఉండే. పైన మూతరాయి పగిలింది. మూత లేకుంటే ఏది నిలుస్తది? అంత ఎల్లిపోయింది. రేపు క్యాంపు ఎత్తేస్తున్నం."

"అయ్యో, రాయి నాటి మూత పెట్టనిది నేనే గదా!" అని భీమక్క ఆడనే కూలబడి గొల్లుమంది.

ఆ సాయంత్రమే అన్నదమ్ములను పిలిచి, వాగుల నుంచి సందన్నది లేని నల్లరాయి మోయించి, ఊరి పక్కన నాటించింది. కోడిని కోసి, ఇప్పసారా పోసి, ఏడాది దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది.

తెల్లారి లారీ రాళ్లనెత్తుకుపోయింది. మధ్యాహ్నమైనా పెట్టెలు కిక్కురుమనలేదట.

భీమక్క తన ఇంట్ల పొయ్యి ముందర కూసుంది. దుఃఖంతోని ఒళ్లు గుల్లయిన మనిషి. పొద్దు నడినెత్తికొచ్చింది. ఆమె రొమ్ముల సముద్రం హోరుమంది.

"భీమీ, నీళ్లు తోడినవా?"

"తోడిన, రా" అన్నది భీమక్క.

ఇప్పుడా గూడెంల ఎవరూ గడియారం చూడరు. భీమక్క రొమ్ముల సముద్రం లేస్తేనే అన్నాలు పెట్టుకుంటరు. మారుమనువు అడగొచ్చినోళ్లు మటుకు ఆ హోరు విని, గడప దాటకుండనే తిరిగిపోతరు.